కబుర్లు తెచ్చే నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరనుకునేవు అమ్మడూ, పాతిక తాటాకు గుడిసెలు, అంతే. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక దిబ్బలు, మధ్యలో మడులు. ఆ ఊళ్ళో వరి పండదు, జొన్న పండదు. ఉప్పు పండుతుంది. నవ్వుతావేం, ఉప్పు కూడా పండుతుంది, నేను కళ్ళారా చూశాను.

ఎలాగంటావా? సముద్రం రోజుకి రెండుసార్లు పైకి పొంగుతుంది, దాన్ని పోటంటారు. మళ్ళీ వెనక్కి పోతుంది, దాన్ని పాటంటారు. పోటప్పుడు కాలవలోకి నీళ్ళొస్తాయి. అప్పుడు తూముకి అడ్డం ఉన్న పలక పైకెత్తి మడిలోకి నీళ్ళు పెడతారు. మడి నిండగానే పలక దించేస్తారు. ఆ తర్వాత పనంతా ఎండదే. నీళ్ళు చిక్కబడతాయి, అంచులకి పూత పడుతుంది, కొన్నాళ్ళకి అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది.

ఇంతవరకూ ఏ ఉప్పూరైనా ఒకటే. కానీ ఈ ఊరి నీళ్ళకి ఒక చిత్రం ఉంది. అవి కబుర్లు తెచ్చేవి.

ఊ కొడుతున్నావా? కొట్టకపోతే కథ ఆపేస్తాను, నాకేం.

ఏ ఒడ్డున ఎవరేం మాట్లాడినా ఆ నీళ్ళు విని మోసుకొచ్చేవి. పోటు నీళ్ళు తూములోంచి మడిలోకి జారుతున్నంతసేపూ ఆ మాటలన్నీ గుసగుసమని వినిపించేవి. మడిలో నీళ్ళు నిలబడ్డాక ఇక మాటా లేదు, పలుకూ లేదు. అదీ కాలవ మొదట్లో ఉన్న మడికే ఆ భాగ్యం. అక్కడ చెప్పాల్సిందంతా చెప్పేసి, మిగతా మడులకి మామూలు నీళ్ళుగా పోయేవి. అందుకని మొదటి మడి వాళ్ళు విని, ఎవరికి ఏది కావాలో ఊళ్ళో చెప్పాలి. అది వాళ్ళ తాతలనాటి పని.

ఆ మొదటి మడి నూకరత్నం వాళ్ళది. నూకరత్నం, ఆమె మొగుడు దాలయ్య, వాళ్ళ ఐదేళ్ళ కూతురు పైడి. అంతకుముందు తూము పని దాలయ్య తల్లి చూసేది. ఆవిడ అడ్డపొగ మనిషి. అంటే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు చూడు, అది. నువ్వు అలా మొహం పెట్టకు, ఆ రోజుల్లో అంతే. రోజూ పలక దించేటప్పుడు ఆవిడ నీళ్ళ మీద అరచెయ్యి చాపి, చుట్ట తీయకుండానే ఏదో అనేది. నూకరత్నానికి అది "ఆఉ" అన్నట్టు వినిపించేది. సముద్రాన్ని పట్టుకుని ఆవు అంటుందేమిటా అనుకునేది గానీ, అత్తని అడగడానికి సిగ్గుపడేది. అడగకుండానే ఆవిడ కాలం చేసింది. అప్పుడు తూము నూకరత్నం చేతికొచ్చింది.

ఆ ఏడే దీపావళి వెళ్ళాక దాలయ్య పడవలో ఉప్పేసుకుని దూరదేశం బయల్దేరాడు. "శివరాత్రికల్లా వచ్చేస్తానే రత్నం" అన్నాడు. పైడిని భుజాన ఎక్కించుకుని ఒడ్డంతా తిప్పి, దింపి, పడవెక్కాడు.

అప్పటినుంచి నూకరత్నం తూము దగ్గర కూర్చుని వినేది. ఏం కబుర్లనుకున్నావు. ఒకరోజు నీళ్ళు చెప్పాయట, ఎక్కడో చలిదేశంలో నది నదంతా గడ్డకట్టి బండరాయైపోయిందనీ, దాని మీద బళ్ళు తోలుతున్నారనీ. మరో రోజు, నడిసముద్రంలో కొండంత తిమింగలం పిల్లని ఈనిందనీ, ఆ పిల్లకి ఊపిరి తీసుకోవడం రాకపోతే తల్లి ముక్కు మీద పెట్టుకుని నీటిపైకి ఎత్తిందనీ. ఇంకో రోజు, ఏదో దీవిలో పొద్దుగూకాక అలలే దీపాల్లా వెలుగుతాయనీ, పిల్లలు ఆ వెలుగులో మునిగి, ఒళ్ళంతా మెరుస్తూ ఇళ్ళకి పోతారనీ. నూకరత్నానికి ఒళ్ళు జలదరించేది. ఎంత లోకం, నేనెంత, ఆ లోకం నా మడికొచ్చి నాతో చెప్పుకోవడమేమిటి అనుకుని చేతులు జోడించేది.

పనికొచ్చే మాటలూ ఉండేవి. "ఎల్లుండి గాలివాన" అని నీళ్ళు చెబితే ఆమె ఊరంతా తిరిగి చెప్పేది. అందరూ ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పుకునేవాళ్ళు. విన్న దాంట్లో చెప్పాల్సింది చెప్పి, మడి నిండగానే పలక దించి, ఇంటికి పోయి పైడికి జడేసేది.

అలా ఉండగా శివరాత్రి వచ్చింది. దాలయ్య రాలేదు. శివరాత్రి వెళ్ళింది. దాలయ్య రాలేదు.

అప్పుడు నూకరత్నానికి ఒక గుబులు పట్టుకుంది. నేను పలక దించిన తర్వాత నీళ్ళు దాలయ్య కబురు తెస్తేనో? తెచ్చి, తలుపు వేసుంది కదా అని వెనక్కి పోతేనో? వెంటనే వెళ్ళి పలక మొత్తం పీకి గట్టు మీద పడేసింది. "రా తల్లీ, ఎప్పుడైనా రా, ఎంతైనా రా" అంది.

గంగమ్మ తల్లికి రమ్మంటే రావడమే తెలుసు. నీళ్ళు రాత్రీ పగలూ వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి, చెబుతూనే ఉన్నాయి. ఒక ఊళ్ళో అమ్మవారు పోసి ఇంటికొకరు పోయారట. ఇంకో చోట ఇద్దరు రాజులు తగువులాడుకుని మూడు ఊళ్ళు తగలబెట్టారట. మరో ఒడ్డున ఒక ముసలమ్మ, పోయిన కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఇసకలోనే కూర్చుందట. ఆ పిలుపు రోజూ వచ్చేది. ఇవన్నీ నిజాలే. అబద్ధమైతే ఒక తిట్టు తిట్టి లేచిపోవచ్చు. నిజమయ్యేసరికి లేవలేకపోయింది. ఇదయ్యాక దాలయ్య మాటొస్తుంది, ఇంకొక్కటి విందాం, ఇంకొక్కటి విందాం అనుకుంటూ గట్టు మీదే ఉండిపోయింది. వింటున్నంతసేపూ కళ్ళనీళ్ళు కారుతూనే ఉండేవి.

ఒకరోజు పైడి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, నాకు పన్నూడింది" అంది.

"ఉండవే, వింటున్నాను" అంది నూకరత్నం.

ఆ తర్వాత ఇంకోరోజు వచ్చింది. "అమ్మా, మన చూరులో పిచ్చుకపిల్లలు కళ్ళు తెరిచాయి, రా చూద్దువుగాని" అంది.

"ఉండవే, ఇప్పుడే ఏదో పడవ మాట వస్తోంది" అంది తల్లి. ఆ పడవ దాలయ్యది కాదు.

ఆ తర్వాత మూడోసారి పైడి వచ్చి, ఏమీ అనకుండా పక్కన కూర్చుంది. చాలాసేపటికి నూకరత్నమే తల తిప్పి, "ఏమిటే పైడీ?" అంది. "ఏం లేదమ్మా" అంది పిల్ల. ఐదేళ్ళ పిల్ల, పెద్ద ముత్తయిదువలా, ఏం లేదమ్మా అంది. ఎండిపోయిన జుట్టు, మొహాన నీళ్ళు పడి ఎన్నాళ్ళయిందో. నూకరత్నం అప్పుడు చూసింది పిల్లని. మడిని కూడా చూసింది. నీళ్ళు వచ్చి పోతూనే ఉంటే ఉప్పెక్కడ పేరుకుంటుంది? ఊళ్ళో అందరి మడులూ తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె మడిలో బురద.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తన మీద కోపం, మొగుడి మీద కోపం, అన్నీ కలిపి సముద్రం మీద పెట్టింది. లేచి పలక తెచ్చి తూములో దిగ్గొట్టి, "వద్దు. నీ కబుర్లు నాకొద్దు. ఇక రావద్దు" అంది.

తరతరాలుగా ఆ తల్లిని ఆ మాట ఎవరూ అని ఎరగరు. ఒక్కసారి నీళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత మెల్లగా వెనక్కి జరిగాయి. పాటు ఎంత దూరం పోతుందో అంతకన్నా దూరం పోయి అక్కడే నిలబడ్డాయి. సాయంత్రం పోటు రాలేదు. మర్నాడూ రాలేదు. కాలవ అడుగున పీతలు దిక్కు తోచక తిరిగాయి.

మొదట్లో బానే ఉంది. నూకరత్నం కంటినిండా నిద్రపోయింది, పిల్లకి తలంటింది. ఏ ముసలమ్మ పిలుపూ లేదు, ఏ చావూ లేదు. అలా మూడు రోజులు గడిచాయి. ఆ తర్వాత మడులు ఎండి నెర్రెలిచ్చాయి. ఊరివాళ్ళు తట్టలు బోర్లించుకుని కూర్చున్నారు.

నాలుగో రోజు అకాలపు గాలివాన వచ్చింది. చెప్పేవాళ్ళు లేరు కదా, ఎవరూ కప్పుకోలేదు. పక్క మడి గురవయ్య తాత ఒంటరి మనిషి, ఏడాదంతా ఆ ఉప్పు మీదే బతకాలి. ఆయన కుప్ప కుప్పంతా గంటలో కరిగి కాలవలోకి పోయింది. వాన వెలిశాక తాత తడిసిన తుండు పిండుకుంటూ వచ్చాడు. కోప్పడలేదు పాపం.

"నీళ్ళు ఏమీ చెప్పలేదా అమ్మా రత్నం?" అనడిగాడు.

నూకరత్నం కరిగిపోయిన కుప్ప వైపు చూసింది. విన్నన్నాళ్ళూ పిల్ల చేజారిపోయింది. వినడం మానేస్తే ముసలాయన తిండి కరిగిపోయింది. ఇక దాలయ్య ఏ సముద్రంలో ఉన్నాడో చెప్పే దిక్కే లేదు. ఆమె ఇంట్లోకి పోయి పొయ్యి ముందు కూలబడింది. ఏం చెయ్యాలి? రమ్మన్నా తప్పే, వద్దన్నా తప్పే అనుకుంది.

అయినా పిల్లకి ఆకలేస్తుంది కదా. లేచి అన్నం వండి, ఎండుచేపల పులుసు పెట్టి, పైడికి విస్తరి వేసింది. మనసెక్కడో ఉంది, చెయ్యి వడ్డించుకుంటూ పోతోంది. ఒక ముద్ద, రెండు ముద్దలు, విస్తరి నిండిపోయింది. పైడి నోటినిండా అన్నం పెట్టుకుని, విస్తరి మీద అరచెయ్యి అడ్డంగా చాపి, "ఆఉ" అంది.

నూకరత్నం గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఏమన్నావే? ఆవా? ఎక్కడ ఆవు?" అంది.

పైడి ముద్ద మింగింది. "ఆవు కాదమ్మా, చాలు" అంది.

నూకరత్నం అమ్మో అనుకుంది. చాచిన ఆ అరచెయ్యి, ఆ మాట. నోట్లో చుట్ట పెట్టుకుని తన అత్త అన్నేళ్ళూ అన్నది ఆ మాటే. ఆవు లేదు, దూడ లేదు. "చాలు తల్లీ" అనేది ఆవిడ.

గరిటె కింద పెట్టి పిల్ల ముందు కూర్చుంది. "చాలంటే వద్దనేనా పైడీ?" అనడిగింది.

పైడికి తల్లి మీద జాలేసింది, ఇంత మాట తెలీదేమిటా అని. "కాదమ్మా. వద్దంటే నాకు కోపమని. చాలంటే కడుపు నిండిందని. మళ్ళీ ఆకలేసినప్పుడు పెట్టవా ఏం?" అంది.

నూకరత్నం పిల్లని ఎత్తుకుని ఎండిపోయిన కాలవ వెంట నడిచి నడిచి, సముద్రం ఎక్కడ నిలబడిందో అక్కడిదాకా పోయింది. తడి ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంది. "తల్లీ, వద్దన్నాను, తప్పైపోయింది. నువ్వు లేకపోతే మా ఊళ్ళో కూడు లేదు. రా. కడుపు నిండాక నేనే చెబుతాను" అంది.

కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత దూరంగా నీళ్ళ అంచు కదిలింది. మెల్లిగా ఒక సన్నటి పాయ వచ్చి ఆమె మోకాళ్ళని తడిపి, దాటి, కాలవలోకి పాకింది. ఆ వెనక సముద్రం లేచింది. అలలుగా కాదమ్మడూ, చప్పుడు లేకుండా, పొంగే పాలలా మొత్తం ఒక్కసారి లేచింది. ఒడ్డున గుడిసెల్లోంచి జనమంతా బయటికొచ్చి, నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఇన్ని రోజులూ ఆగిపోయిన మాటలన్నీ ఆ నీళ్ళలో ఉన్నాయి. వెయ్యి ఒడ్డుల మాటలు, తెలిసిన భాషలు, తెలియని భాషలు, ఎవరో పుట్టిన కేక, ఎవరో పోయిన శోకం, ఎవరో పాడే జోల. నూకరత్నం పిల్లని గుండెకి హత్తుకుని వింది. ఇంత గొప్ప తల్లి తన మాట మన్నించి వెనక్కొచ్చిందని ఆమెకి ఏడుపొచ్చింది.

అప్పుడు పరిగెత్తుకెళ్ళి, పలక పైకెత్తి, తూము దగ్గర కూర్చుంది. మడి నిండేదాకా, అన్నీ, మంచీ చెడూ, ఒక్కటి వదలకుండా వింది. ముసలమ్మ పిలుపొస్తే ఆ అమ్మకి ఇక్కడినుంచే దణ్ణం పెట్టింది. మడి నిండింది. నీళ్ళ మీద అరచెయ్యి చాపి, "చాలు తల్లీ. రేపు మళ్ళీ రా" అంది. పలక దించింది.

చెప్పినంత తేలిక కాదులే అది. పలక దించాక ఆమె కాళ్ళు తూము వైపే లాగేవి. ఇప్పుడే దాలయ్య మాట వస్తుందేమో అని ప్రాణం కొట్టుకునేది. అప్పుడు పైడి చెయ్యి పట్టుకుని, లేని పనైనా కల్పించుకుని, గురవయ్య తాత మడి అడుగు గట్టిపడేలా తొక్కడానికి పోయేది. తాత పోగొట్టుకున్నది తల్లీకూతుళ్ళే మళ్ళీ పండించారు. పొద్దున్న విన్నదాంట్లో ఊరికి కావాల్సింది ఊరికి చెప్పేది. మిగిలింది మడిలో నిలబడేది, ఎండకి చిక్కబడేది. కొన్నాళ్ళకి ఆమె మడి కూడా తెల్లబడింది. దాలయ్య కబురు మాత్రం రాలేదు.

ఒకరోజు మడి తొక్కి వచ్చి, పాటప్పుడు కాలవలో కాళ్ళు కడుక్కుంటున్నారు. నూకరత్నం బురదలో జారి నడుం లోతున దబ్బున కూర్చుంది. లేవబోతే మళ్ళీ జారింది. మూడోసారీ జారింది. గట్టు మీదున్న పైడి గంభీరంగా అరచెయ్యి చాపి, "చాలు తల్లీ. రేపు మళ్ళీ పడు" అంది.

నూకరత్నానికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. దీపావళి నాటినుంచి నవ్వని నవ్వంతా ఒక్కసారి వచ్చింది. తల్లి నవ్వుతుంటే పిల్లా నవ్వి నవ్వి నీళ్ళలో పడింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పాటు నీళ్ళు వాళ్ళ పక్కనుంచి సముద్రంలోకి పోతూనే ఉన్నాయి.

ఆ తర్వాత మూడో రోజు, తెల్లారి పోటుకి, ఒక పడవ వచ్చింది. తెరచాప కొయ్య విరిగిపోతే దాన్ని గుడ్డపీలికలతో కట్టిన పడవ. అందులోంచి ఎముకల గూడులా ఉన్న ఒక మనిషి దిగాడు. పైడి ముందు గుర్తుపట్టింది. "అయ్యా" అని పరిగెత్తి కాళ్ళు పట్టేసుకుంది.

నూకరత్నం అతని మొహం రెండు చేతుల్తో తడిమి చూసింది. "మావా, దారెలా తెలిసింది?" అనడిగింది.

దాలయ్య ఇసకలో కూలబడి చెప్పాడు. "గాలికి కొయ్య విరిగిందే. ఆ తర్వాత మంచు కమ్మేసింది. పొద్దెటో, ఒడ్డెటో తెలీలేదు. నీళ్ళ మీద చెవి పెట్టి పడుకున్నాను. సముద్రం దగ్గరికొచ్చి ఏడ్చేవాళ్ళేనే అందరూ. ఏ దిక్కున చెవి పెట్టినా ఏడుపే. అందులో నీ ఏడుపు ఉందో లేదో, ఉంటే ఏదో, ఎలా చెప్పను? ఆ తర్వాత ఒక దిక్కున అసలేమీ వినపడకుండా పోయింది. అది మన ఊరైతే మా వాళ్ళు ఇక లేరు కాబోలు అనుకున్నాను. తెడ్డు వదిలేశాను. మొన్న పాటు నీళ్ళలో ఒక నవ్వొచ్చింది రత్నం. నువ్వూ, పైడీ. నడిసముద్రంలో, అంత ఏడుపులో, ఒక్కటే నవ్వు. అటేపు తెడ్డేశాను."

నూకరత్నం అతని చెయ్యి పట్టుకుని అంది.

"నీ కబురు కోసం అన్నాళ్ళు చెవి ఒగ్గి కూర్చున్నాను మావా. నువ్వూ నా కబురు కోసమే చెవి ఒగ్గి ఉన్నావని ఒక్కసారైనా తట్టలేదు."

ఆ తర్వాత ముగ్గురూ లేచి అన్నానికి పోయారు.

ఏమిటే, ఇంకోటా? ఇంకో కథ రేపు అడుగు, ఇవాళ్టికి చాలు. కళ్ళు మూసుకో.

పోటు కాలవకి,
పాటు కడలికి,
కథేమో కంచికి,
నవ్వేమో ఇంటికి,
నిద్ర నీ కంటికి.